ఏడాదికి 10 వేల పౌండ్ల ప్రేమకథ

ఐదుగురు ఆడపిల్లలు. ఒక్కరికీ పెళ్లి కాలేదు. తండ్రి కళ్లు మూస్తే ఉన్న ఇల్లూ పొలమూ ఓ దూరపు చుట్టం పరమవుతాయి. సరిగ్గా ఆ సమయంలోనే పక్కనున్న పెద్ద బంగళాలోకి పెళ్లికాని కుర్రాడు అద్దెకు వస్తున్నాడని తెలిసింది. ఏడాదికి నాలుగైదు వేల పౌండ్ల ఆదాయమట! ఇక ఆ తల్లికి కాలు నిలుస్తుందా? ముందు వెళ్లి అతన్ని పరిచయం చేసుకురమ్మంటూ భర్త ప్రాణం తోడేయడం మొదలుపెట్టింది.

మన వీధిలోనే ఎక్కడో జరిగినట్టుంది కదూ! ఇది 1813 జనవరి 28న లండన్‌లో విడుదలైన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' నవల ఆరంభం. రాసింది జేన్ ఆస్టిన్. 200 ఏళ్లు దాటినా ఈ నవల అమ్ముడుపోతూనే ఉంది. సినిమాలూ సీరియళ్లూ దాన్ని మళ్లీ మళ్లీ తలకెత్తుకుంటూనే ఉన్నాయి. గుర్రపు బగ్గీలు, కొవ్వొత్తుల వెలుగులో డ్యాన్సులు, పచ్చిక బయళ్లు... ఇవన్నీ కంటికి విందే. కానీ వాటి చాటున ఓ కఠినమైన లెక్క నడుస్తూ ఉంటుంది. అది పట్టుకుంటేనే ఈ ప్రేమకథ అసలు రుచి తెలిసేది!

లెక్క చూడండి...

బెన్నెట్ కుటుంబానికి ఏడాదికి వచ్చేది 2 వేల పౌండ్లు. తక్కువేం కాదు. అయితే ఆస్తి మగ వారసుడికే దక్కాలన్నది ముందే రాసిపెట్టిన కట్టుబాటు. ఇంట్లో మగపిల్లాడు లేడు కాబట్టి అదంతా కాలిన్స్ అనే దూరపు బంధువుకు వెళ్తుంది. రెండో కూతురు ఎలిజబెత్‌కు తల్లి తర్వాత మిగిలేది వెయ్యి పౌండ్లు. నాలుగు శాతం వడ్డీ చొప్పున ఏడాదికి 40 పౌండ్లు. అంతే!

ఆ కాలంలో పెద్దింటి ఆడపిల్ల ఉద్యోగం చేయడమంటే ఎవరింట్లోనో పిల్లలకు చదువు చెప్పుకుంటూ బతకడమే. కాబట్టి పెళ్లే బతుకుతెరువు. అలాంటి ఎలిజబెత్‌ను వెతుక్కుంటూ ఆ కాలిన్సే వచ్చాడు. అతన్ని చేసుకుంటే పుట్టిల్లు చేజారదు, తల్లికీ చెల్లెళ్లకూ నీడ ఉంటుంది. అయినా ఎలిజబెత్ వద్దంది. తనను తాను పొగుడుకోవడం, గొప్పవాళ్ల కాళ్లు పట్టుకోవడం తప్ప మరోటి తెలియని మనిషితో జీవితమంతా గడపడం ఆమె వల్ల కాదు.

కొద్దిరోజుల్లోనే అదే కాలిన్స్‌కు ఆమె స్నేహితురాలు షార్లెట్ సరేనంది. షార్లెట్‌కు 27 ఏళ్లు. అందగత్తె కాదు, ఆస్తి లేదు. తనకంటూ ఓ ఇల్లుంటే చాలనుకుంది. నవలను కాలేజీ రోజుల్లో చదివితే షార్లెట్ మీద కోపం వస్తుంది. పిల్లల తల్లులయ్యాక చదివితే జాలి కలుగుతుంది. ఆస్టిన్ మాత్రం ఆమెను దోషిలా నిలబెట్టదు. ఆమె ముందున్న దారులు ఎన్నో చూపించి ఊరుకుంటుంది.

ఇక అసలు కథానాయకుడు డార్సీ. ఏడాదికి 10 వేల పౌండ్లు! డ్యాన్సు హాల్లో అడుగుపెట్టిన ఐదు నిమిషాల్లోనే ఆ అంకె అందరి నోళ్లలో నానుతుంది. మనిషి పొడగరి, అందగాడు, కానీ నోట్లోంచి మాట రాదు. వచ్చినా పుల్లవిరుపే. ఎలిజబెత్ తనతో ఆడేంత అందగత్తె కాదని ఆమెకు వినబడేలాగే అనేస్తాడు. మన యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'లో రాజశేఖరాన్ని మరిచిపోలేని వాళ్లకు ఈ డార్సీ ఇట్టే దగ్గరైపోతాడు.

అతనే చివరికి ఆమె ప్రేమలో పడతాడు. పెళ్లి చేసుకుంటానంటూనే ఆమె కుటుంబం ఎంత తక్కువదో, తాను ఎంత దిగి వస్తున్నాడో వివరిస్తాడు. ఒకవైపు 10 వేలు, మరోవైపు 40 పౌండ్లు. ఎలిజబెత్ మళ్లీ వద్దంది! ఈ లెక్క తెలియకుండా చదివితే అది అలక. తెలిసి చదివితే అది సాహసం.

రాత్రి సరే... తెల్లారి వద్దు

ఆ సాహసం ఖరీదు ఆస్టిన్‌కు స్వయంగా తెలుసు. 1802 డిసెంబరులో, 27 ఏళ్లు నిండడానికి రెండు వారాల ముందు, ఆమెకూ ఓ సంబంధం వచ్చింది. అబ్బాయి హ్యారిస్ బిగ్-విదర్, పెద్ద ఎస్టేటుకు వారసుడు. రాత్రి సరేనంది. తెల్లారేసరికి మనసు మార్చుకుని కాదని చెప్పి, అక్కతో కలిసి ఆ ఇంటి నుంచి వెళ్లిపోయింది. ఆ తర్వాత పెళ్లే చేసుకోలేదు. 1805లో తండ్రి పోయాక తల్లి, ఇద్దరు కూతుళ్లు అన్నదమ్ముల సాయం మీద ఆధారపడ్డారు. 1809లో అన్న ఎడ్వర్డ్ చాటన్ ఊళ్లో ఓ ఇల్లు ఇచ్చాకే ఆమె కుదురుగా కూర్చుని రాయగలిగింది.

'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' హక్కుల కోసం 150 పౌండ్లు ఆశించింది. ప్రచురణకర్త ఇచ్చింది 110. పుస్తకం మీద ఆమె పేరు కూడా లేదు. బతికుండగా వచ్చిన ఏ నవల మీదా ఆమె పేరు అచ్చుకాలేదు. 1817లో 41 ఏళ్లకే చనిపోయింది.

తెర మీద డార్సీలు

1940లో హాలీవుడ్ ఈ కథను తెరకెక్కించింది. గ్రీర్ గార్సన్, లారెన్స్ ఒలీవియర్ జంట. ప్రసిద్ధ రచయిత ఆల్డస్ హక్స్‌లీ స్క్రీన్‌ప్లేలో చేయి వేశాడు. దుస్తులు మాత్రం కథాకాలం కన్నా తర్వాతివి! నవలలో పెళ్లి చెడగొట్టాలని వచ్చే డార్సీ పెద్దమ్మ లేడీ కేథరిన్, ఇందులో చివరికి మంచిదైపోతుంది.

1995లో బీబీసీ ఆరు భాగాల సీరియల్ తీసింది. కొలిన్ ఫిర్త్ డార్సీగా, జెనిఫర్ ఎలీ ఎలిజబెత్‌గా నటించారు. చెరువులో ఈదొచ్చిన డార్సీ తడి చొక్కాతో ఎలిజబెత్‌కు ఎదురుపడే సన్నివేశం బ్రిటన్‌ను ఊపేసింది. తమాషా ఏమిటంటే అది నవలలో లేనేలేదు. అక్కడ ఇద్దరూ అనుకోకుండా ఎదురుపడి ఎర్రబడిపోతారు, అంతే.

2005 సినిమాలో కీరా నైట్‌లీ, మాథ్యూ మెక్‌ఫాడియన్. దర్శకుడు జో రైట్ పెళ్లి ప్రస్తావనను హోరువానలో పెట్టాడు. నవలలో అది నాలుగు గోడల మధ్య జరుగుతుంది. ఎలిజబెత్‌ను బగ్గీ ఎక్కించాక డార్సీ తన అరచేతిని ఒక్కసారి చాచి వదిలే క్షణం మాత్రం పేజీల కొద్దీ మాటలకు సమానం.

అయితే నవలకే సాధ్యమైనది ఒకటుంది... డార్సీ ఉత్తరం. ఎలిజబెత్ దాన్ని మళ్లీ మళ్లీ చదువుతూ, తాను మనుషుల్ని ఎంత తప్పుగా అంచనా వేసిందో తెలుసుకుంటుంది. అది మనసులో జరిగే యుద్ధం. రెండు గంటల సినిమాలో ఇమడదు. సీరియల్‌కు కాస్త తీరిక ఉంది కాబట్టి న్యాయం చేయగలిగింది.

మరో ముఖ్యమైన మలుపూ లెక్కతోనే ముడిపడింది. చెల్లెలు లిడియాను లేపుకెళ్లిన వికమ్ అప్పులు తీర్చి, డబ్బిచ్చి, అతనితో లిడియా మెడ వంచకుండా పెళ్లి జరిపించింది డార్సీయే. ఎవరికీ చెప్పలేదు. 10 వేల గొప్ప చూపించినప్పుడు కాదన్న ఎలిజబెత్, ఆ డబ్బును గుట్టుగా తన ఇంటి పరువు కోసం ఖర్చుపెట్టాడని తెలిశాక అతన్ని కొత్త కళ్లతో చూస్తుంది.

చెన్నై దాకా...

1811లో వచ్చిన ఆస్టిన్ మొదటి నవల 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ'. తండ్రి పోగానే ఇల్లు సవతి అన్నకు దక్కి, తల్లీకూతుళ్లు బయటికి నడిచే కథ. 1995లో ఆంగ్ లీ తీసిన సినిమాకు స్క్రీన్‌ప్లే రాసి, అందులో అక్కగా నటించిన ఎమ్మా థాంప్సన్‌కు రచనకు ఆస్కార్ వచ్చింది.

అదే కథను రాజీవ్ మీనన్ 2000లో తమిళంలోకి తెచ్చాడు. తెలుగులో అదే 'ప్రియురాలు పిలిచింది'. టబు, ఐశ్వర్యారాయ్ అక్కాచెల్లెళ్లు. రెహమాన్ పాటలు మనవాళ్లకు తెలిసినవే. ఇందులో పెద్ద మార్పు ఒకటుంది. ఇల్లు కోల్పోయిన అక్క చెన్నై చేరి ఉద్యోగం సంపాదిస్తుంది, సాఫ్ట్‌వేర్‌లో నిలదొక్కుకుంటుంది. ఆస్టిన్ కథానాయికలకు దొరకని తలుపు అదే!

'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'ను గురిందర్ చద్దా 2004లో అమృత్‌సర్‌కు తెచ్చి 'బ్రైడ్ అండ్ ప్రెజుడిస్' తీసింది. 'ఎమ్మా' నవల 2010లో హిందీ 'ఆయిషా' అయింది.

ఎక్కడ మొదలుపెట్టాలి?

* ఇంగ్లిష్ కష్టమనిపిస్తే ముందు 2005 సినిమా చూడండి. మనుషుల పేర్లు, వరసలు తెలిసిపోతాయి.
* తర్వాత నవల పట్టండి. రోజుకు రెండు అధ్యాయాలు చాలు. చాలావరకు చిన్నవే.
* ఆపైన 1995 సీరియల్. ఏది ఉంచారు, ఏది వదిలేశారు అని ఇంట్లో వాదించుకోవచ్చు.
* ఇంకా కావాలంటే షార్లెట్ బ్రాంటీ 'జేన్ ఎయిర్' (1847), ఎలిజబెత్ గాస్కెల్ 'నార్త్ అండ్ సౌత్'. రెండోదాన్ని బీబీసీ 2004లో నాలుగు భాగాల సీరియల్‌గా తీసింది.

చాటన్‌లో ఆస్టిన్ ఉన్న ఇల్లు 1949 నుంచీ మ్యూజియం. ఆమె రాసుకున్న చిన్న బల్ల అక్కడ ఉంది. 2017లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ఆమె బొమ్మతో 10 పౌండ్ల నోటు తెచ్చింది. సొంత పేరు అచ్చు చూసుకోని రచయిత్రి, చివరికి డబ్బు మీదే అచ్చయింది. ఆమె ఉండి ఉంటే ఈ లెక్కకు తప్పకుండా నవ్వుకునేది!