ఎద్దుల బొమ్మలో తప్పెక్కడ?

పోయిన సంచికలో నేను వేసిన ఎద్దుల బొమ్మ మీరంతా చూసే ఉంటారు. చాలామంది బాగుందన్నారు. నాకూ గర్వంగానే అనిపించింది. సెలవులకు ఊరికి పోయినప్పుడు ఫోన్లో దాని ఫోటో మా అవ్వకు చూపించాను. అవ్వ ఫోన్‌ను దగ్గరికి, దూరానికి జరిపి చూసి, "ఎద్దులు బాగానే ఉండాయి గానీ, ఇవి మనవి కాదు" అనింది.

మనవే, మైలెద్దు, పుల్లెద్దు అని చెప్పినా ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోలేదో తర్వాత చెప్తాను. ఆ మాట తర్వాత నేను తెలుసుకున్న సంగతులు ముందు చెప్పాలి. మన తరగతిలో సగం మందిమి పల్లెల నుంచి వచ్చినవాళ్లమే. గొడ్ల మధ్య పెరిగాం కాబట్టి గొడ్ల బొమ్మ సులభంగా వస్తుందని అనుకుంటాం. రాదు.

నిజానికి మన బళ్లారి వైపు పిల్లలకు చేతికొచ్చే మొదటి కళే ఎద్దు. జ్యేష్ఠ పున్నమికి, అంటే కారుణ్ణిమెకు, ఎద్దులను కడిగి కొమ్ములకు రంగులు పూస్తారు. మేము గ్లాసు అంచును రంగులో ముంచి వాటి ఒంటిమీద గుండ్రాలు అద్దేవాళ్లం. మరో పదిహేను రోజులకు మణ్ణెత్తిన అమావాస్య. నల్లరేగడి మట్టి తెచ్చి జత ఎద్దులను చేసి పూజ చేస్తారు. అంటే ఎద్దు మీద రంగు వేశాం, మట్టితో ఎద్దును చేశాం. అయినా కాగితం ముందు కూర్చుంటే చెవి ఎక్కడుంటుందో గుర్తు రాదు!

నమ్మకపోతే ఇప్పుడే ఒక ఆవు తల గీసి చూడండి. ఎక్కువమంది చెవులను తలపైన, కొమ్ముల పక్కన నిలబెడతారు. అవి కొమ్ముల కింద, పక్కకు చాచి ఉంటాయి. ఇంకొందరు నవ్వుతున్న ఆవుకు పైవరసలో పళ్లు వేస్తారు. ఆవుకు పైదవడ ముందు భాగంలో పళ్లే ఉండవు, గట్టి చిగురు మాత్రమే ఉంటుంది. పడుకున్న ఎద్దు లేచేటప్పుడు ముందు వెనక కాళ్లు ఎత్తుతుంది. కాసేపు ముందు మోకాళ్ల మీదే ఉండి, అప్పుడు నిలబడుతుంది. గుర్రం దీనికి తిరగబడి, ముందుకాళ్లు చాచి లేస్తుంది. నేను వేసిన పాత బొమ్మలో లేస్తున్న ఎద్దు గుర్రంలా లేస్తోంది. ఎవరూ పట్టుకోలేదు, నేను కూడా.

మేక, గొర్రె సంగతీ అంతే. మేక తోక పైకి లేచి ఉంటుంది, గొర్రెది కిందికి వేలాడుతుంది. మేక కంటిపాప గుండ్రంగా ఉండదు, అడ్డంగా పెట్టిన చీలికలా ఉంటుంది. గుండ్రంగా వేస్తే అది మనిషి కన్నుపెట్టుకున్న మేక అవుతుంది.

కొమ్ములైతే జాతిని బట్టి మారిపోతాయి. మన వైపు దున్నకానికి వాడే హళ్లికార్ ఎద్దుల కొమ్ములు నెత్తిమీద దగ్గర దగ్గరగా మొదలై, వెనక్కి వాలి, పొడుగ్గా సాగుతాయి. ఒంగోలు ఎద్దుకు పొట్టిగా, మొద్దుగా ఉంటాయి. సంక్రాంతి కార్డు చూసి ఒంగోలు కొమ్ములు తెచ్చి మన ఎద్దుకు తగిలించకూడదు. మూపురం కూడా చూసుకోవాలి. ఆబోతుకు పెద్దది, కొట్టించిన ఎద్దుకు చిన్నది.

రంగుల దగ్గర నాకు అవ్వ మాటలే పనికొచ్చాయి. మన ఇళ్లల్లో గొడ్లను రంగుతోనే పిలుస్తారు గదా. కర్రి అంటే నలుపు, మైల అంటే బూడిదరంగు, పుల్ల అంటే ఎరుపు కలిసిన గోధుమరంగు, బొల్లి అంటే తెల్లమచ్చలది. పెయింట్ డబ్బాల మీద ఈ పేర్లు ఉండవు. ఎనుము కదా అని నల్లరంగు ఒకటే పూస్తే కాగితంలో బొక్క పడినట్టు ఉంటుంది. నీలం, ముదురు గోధుమరంగు కలిపి ఆ నలుపు తెచ్చుకోవాలి. చెరువులోంచి లేచిన ఎనుము వీపు మీద ఆకాశం కనిపిస్తుంది, అక్కడ కొంచెం లేతనీలం తగలాలి. తెల్లెద్దు కడుపు కింద కూడా తెలుపు ఉండదు. నేల రంగు అక్కడికి ఎక్కుతుంది.

ఈ గొడ్ల బొమ్మల అలవాటు మన ప్రాంతానికి ఎంత పాతదో చూడాలంటే సంగనకల్లు, కుప్పగల్లు కొండలకు పోవాలి. ఊరికి దగ్గరే. నల్లరాతి మీద ఇంకో రాయితో కొట్టి కొట్టి గీసిన బొమ్మలవి. పైపొర రాలి లోపలి లేతరంగు బయటపడితే అదే గీత. వాటిని గురించి 1892లోనే ఫాసెట్ అనే ఇంగ్లీషాయన రాశాడు. చాలా బొమ్మలు నవీన శిలాయుగం నాటివి. మనుషులు, వేరే జంతువులు ఉన్నా, అన్నిటికంటే ఎక్కువ ఉన్నవి మూపురం, పొడుగు కొమ్ములు ఉన్న గొడ్లే. ఒళ్లు పక్కనుంచి చూసినట్టు, కొమ్ములు మాత్రం రెండూ కనబడేట్టు గీశారు. తప్పని నేను అనను. గొడ్లు కాసేవాడికి కొమ్ములు రెండూ ముఖ్యమే. కొండలో కొంతభాగం క్వారీ పనికి పోయింది. చూడాలనుకునేవాళ్లు తొందరగా చూడండి.

మన కాలంలో చూస్తే, 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన కె. లక్ష్మా గౌడ్ హైదరాబాదులో, బరోడాలో చదువుకుని ఎచింగులు చేశారు. బరోడా చదువు ఆయన చేతికి పనితనం నేర్పి ఉంటుంది, కానీ ఆయన బొమ్మల్లోకి పదేపదే వచ్చేవి ఊరి మనుషులు, మేకలు. ఆయన మేకల్లో అందం కోసం దిద్దినట్టు ఏమీ ఉండదు. ఎముకలు, వెంట్రుకలు, మొండితనం అన్నీ ఉంటాయి. నాకు అదే నచ్చింది.

ఇప్పుడు అవ్వ మాట. మా ఎద్దులను నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు అమ్మేశారు. ఆ ఏడు వానల్లేవు, చొప్ప కొనే స్తోమత లేదు. తర్వాత ట్రాక్టరు బాడుగకు పిలిపించడం అలవాటైపోయింది. కొట్టంలో ఇప్పుడు మోటారుబండి ఉంది. ఎద్దుల ఫోటో మా ఇంట్లో ఒక్కటీ లేదు. అందుకే నాకు ఆ బొమ్మ అంత ముఖ్యం.

అవ్వ వేలుపెట్టి చూపించింది. "మైలది దాపట, పుల్లది ఎలపట. నువ్వు మార్చి కట్టినావు. ఇట్ల కడితే అవి అడుగు ముందుకు వెయ్యవు."

దాపట అంటే కాడికి ఎడమవైపు, వలపట అంటే కుడివైపు. ఏ ఎద్దును ఏ వైపు పనికి అలవాటు చేస్తే అది ఆ వైపే నడుస్తుంది. నేను రంగుల పొందిక కోసం ముదురుది ఎడమకు, లేతది కుడికి పెట్టాను. పదకొండేళ్లు వాటి మధ్య తిరిగినదాన్ని, ఏది ఎటువైపో ఒక్కసారి కూడా గమనించలేదు.

ఈసారి బొమ్మను మార్చి వేశాను. దీని పక్కనే అంటించి ఉంది. ఫోటో పంపితే అవ్వ మా చెల్లెలితో ఫోన్ చేయించి, పుల్లెద్దు ఎడమచెవికి ఒక చీలిక ఉండాలి గదా అని అడిగింది.