అంతర్జాలంలో పేరు - పరిరక్షణ

అంతర్జాలంలో ప్రతి కంప్యూటర్‌కూ సంఖ్యారూపమైన చిరునామా ఉంటుంది. ఆ సంఖ్యలను గుర్తుంచుకోవడం కష్టం. అందువల్ల 1983లో పాల్ మోకపెట్రిస్ డొమైన్ నామాల వ్యవస్థను రూపొందించాడు. మనం పేరు టైపు చేస్తే, ఈ వ్యవస్థ దానికి చెందిన సంఖ్యను వెదకి మనలను గమ్యానికి చేరుస్తుంది.

డొమైన్ నామాన్ని ఎవరూ శాశ్వతంగా కొనుక్కోలేరు. రిజిస్ట్రార్ అనే సంస్థ వద్ద రుసుము చెల్లించి, నిర్ణీత కాలానికి నమోదు చేసుకోవాలి. కావాలనుకుంటే మరొక రిజిస్ట్రార్‌కు బదిలీ చేసుకోవచ్చు. భూమికి దస్తావేజు ఎటువంటిదో, పేరుకు ఈ నమోదు అటువంటిది. అయితే పొలాన్ని ఎవరైనా ఆక్రమిస్తే కంటికి కనబడుతుంది. పేరు చేజారిన సంగతి మాత్రం తరచుగా నష్టం జరిగిన తరువాతనే తెలుస్తుంది.

న్యూయార్క్ నగరంలో 1989లో ప్రారంభమైన పానిక్స్ అనే అంతర్జాల సేవాసంస్థకు 2005 జనవరిలో ఇటువంటి ఆపదే ఎదురైంది. మోసగాళ్ళు దాని పేరును, సంస్థకు తెలియకుండానే, ఆస్ట్రేలియాలోని రిజిస్ట్రార్‌కు బదిలీ చేయించారు. బదిలీ కోరినవారికి ఆ హక్కు ఉన్నదో లేదో మధ్యవర్తి సంస్థ సరిచూడలేదు. ఖాతాదారుల ఈ-మెయిళ్ళు దారి తప్పాయి. వారాంతం కావడంతో సత్వర సహాయం కూడా అందలేదు.

డొమైన్ నామాల వ్యవస్థను ప్రపంచస్థాయిలో సమన్వయపరచే సంస్థ ఐకాన్. అది 2004 నవంబరులో అమలుపరచిన నిబంధన ప్రకారం, పాత రిజిస్ట్రార్ ఐదు రోజులలో బదులివ్వకపోతే బదిలీకి సమ్మతించినట్లే. మౌనం అర్ధాంగీకారమని లోకోక్తి; ఇక్కడ అది పూర్ణాంగీకారమైంది.

ఈ ముప్పును నివారించే మార్గాలు లేకపోలేదు. మొదటిది బదిలీ తాళం. అది వేసి ఉన్నంతకాలం బదిలీ అభ్యర్థన తిరస్కరింపబడుతుంది. రెండవది బదిలీకి అవసరమైన రహస్య సంకేతం. దానిని ఇతరులకు తెలియనీయరాదు. మూడవది ఈ-మెయిల్ ఖాతా భద్రత. రిజిస్ట్రార్ పంపే సందేశాలన్నీ ఆ ఖాతాకే వస్తాయి. అది పరులకు చిక్కితే, ఇంటికి తాళం వేసి తాళంచెవిని గుమ్మానికి వ్రేలాడదీసినట్లే. కనుక ఆ ఖాతాకు సంకేతపదంతోపాటు రెండవ అంచె ధ్రువీకరణ కూడా ఉండాలి. నమోదులోని వివరాలు మారినప్పుడు వెంటనే సరిదిద్దుకోవాలి. గడువు ముగియకముందే నమోదును పునరుద్ధరించుకోవాలి. రిజిస్ట్రార్ నుంచి వచ్చిన ఏ హెచ్చరికనూ చదవకుండా విడిచిపెట్టరాదు.

పేరు సంపాదించడం కంటే నిలుపుకోవడం కష్టమని పెద్దలంటారు. మనుషుల విషయంలో చెప్పిన ఆ మాట అంతర్జాలంలోని పేర్లకూ వర్తిస్తుంది.