కొండ నది, బంగారు గని

మన యింట మీట నొక్కగనే రేడియో పలుకును. అందుకు వలయు విద్యుత్తు ఏ దూరపు నదీతీరముననో పుట్టి తీగెల వెంట వచ్చినదను సంగతి మనకు తట్టదు. విద్యుత్తును మైళ్ళకొలది దూరము పంపుట వృథాప్రయాస యని అనేకులు తలచిన దినములలో, మూతపడబోవు గని యొకటి ఆ పనికి పూనుకొనవలసివచ్చినది.

ఆ గని పేరు గోల్డ్ కింగ్. అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున, టెల్యూరైడ్ పట్టణమునకు చేరువగా, శాన్ హ్వాన్ పర్వతములపై అది యుండెను. బంగారము ఱాతిలో ఇమిడియుండును గదా! ఆ ఱాతిని ఇనుప రోకళ్ళతో దంచి పిండిచేసినగాని అది చేజిక్కదు. రోకళ్ళు ఆడుటకు ఆవిరి యంత్రము, దానికి బొగ్గు కావలెను. చుట్టుపట్ల చెట్లు అదివరకే పొయ్యి పాలైనవి. బొగ్గు కంచరగాడిదల వీపులపై కొండ నెక్కవలెను. ఇంధనమునకే నెలకు సుమారు 2,500 డాలర్లు!

దిగువ లోయలో శాన్ మిగెల్ నదీశాఖ ఊరక ఉరుకుచుండెను. గని వ్యవహారములు చూచు ఎల్. ఎల్. నన్ అను న్యాయవాది దృష్టి దానిపై పడినది. కాని నీరున్న ఏమ్స్ అను చోటికిని గనికిని నడుమ 2.6 మైళ్ళ కొండమార్గము.

చిక్కంతయు ఆ దూరములోనే యున్నది. తీగెలో ప్రవాహము రెట్టింపైనచో, వేడిగా పోవు నష్టము నాలుగురెట్లగును. నష్టమును తగ్గింప లావైన రాగితీగె వేయవలెను. ఆ ఖర్చు భరింపరానిది. వోల్టేజిని పదిరెట్లు పెంచినచో, అదే శక్తికి పదవవంతు ప్రవాహము చాలును. నష్టము నూరవవంతునకు దిగును. నాటి ఏకముఖ విద్యుత్ యంత్రములకు అంతటి వోల్టేజి కష్టసాధ్యము. క్షణక్షణము దిశ మార్చు ఏకాంతర విద్యుత్తునకు అది సులభము.

నన్ వెస్టింగ్‌హౌస్ కంపెనీనుండి 100 అశ్వశక్తి యంత్రమును తెప్పించెను. గొట్టములో దూకిన నీరు పెల్టన్ చక్రపు దొప్పలను కొట్టి త్రిప్పగా, 3,000 వోల్టుల విద్యుత్తు పుట్టెను. పైన గనివద్ద నిలిపిన మోటారు దాని కవలయే. అయితే అది తనంత కదలదు. చిన్న మోటారొకటి త్రిప్పి సమవేగమునకు తెచ్చినపిదపనే బరువు మోయును. మొరాయించు ఎద్దును నలుగురు త్రోసి నడిపించినట్లు! కొండలపై పిడుగుల బాధ వేరు. ఎట్లైననేమి, 1891లో నదీబలముతో రోకళ్ళు ఆడినవి. ఇందు నన్ సాహసముకంటె ఆయన ఇక్కట్టే ఎక్కువ పని చేసినదని మాకు తోచుచున్నది.

1895లో నయాగరా విద్యుత్కేంద్రము వెలసినది. 1902లో కావేరిపై శివసముద్రమున పుట్టిన విద్యుత్తు 92 మైళ్ళు పయనించి, తెలుగువారనేకులు పాటుపడిన కోలారు బంగారు గనులను చేరినది. ఆ గనులు 2001లో మూతపడినవి. ఏమ్స్‌లో తొలి కట్టడమునకు మారుగా 1906 ప్రాంతమున కట్టిన విద్యుద్గృహము నేటికిని ఆ లోయలో నిలిచియున్నది.