కాకిసొమ్మ

తరగతిలో పాఠము నడచుచుండగా ఒక బాలుడు వ్రాయుట ఆపి, శూన్యమును చూచుచుండును. పేరు పెట్టి పిలిచినను, భుజము తట్టినను పలుకడు. పది సెకండ్లు గడచునో లేదో, ఏమియు జరుగనట్లు మరల కలమును కదల్చును. పరధ్యానమనుకొని చెవి మెలిపెట్టిన ఉపాధ్యాయులు ఎందఱో! పరధ్యానములో నున్నవాడు తట్టినచో తేఱుకొనును, వీడు తేఱుకొనడు. ఇది మూర్ఛవ్యాధిలో ఒక భేదము. దినమునకు పలుమారులు రావచ్చును గాన చదువు చెడును, దెబ్బలు మిగులును.

పల్లెలలో కాకిసొమ్మ యనునదియు ఈ వ్యాధియే. ఆయుర్వేదమున దీని పేరు అపస్మారము, అనగా స్మృతి తొలగుట. ఇది దేవతల శాపము కాదనియు, మెదడులో పుట్టునదనియు హిపోక్రటీసు పేర వెలసిన గ్రంథము క్రీస్తునకు 400 ఏండ్లకు పూర్వమే చెప్పినది. మెదడులోని కణములు ఒక్కుమ్మడిగా, మితిమీఱి విద్యుత్తును వెలువరించుటయే మూర్ఛ. మన దేశమున బద్దెపురుగు పిల్లలు మెదడున గూడు కట్టుటయు ఒక కారణము.

వైద్యవిద్యార్థికి వచ్చు చిక్కు వేఱు. రోగి తన యెదుటకు వచ్చుసరికి మూర్ఛ తీరియుండును. రోగికి ఏమియు జ్ఞాపకముండదు. కనుక చూచినవారిని అడిగి తెలిసికొనవలెను. ముఖము పాలిపోయి, చెమట పట్టి, కన్నులు చీకట్లు క్రమ్మి కూలి, పడుకొనగానే తెలివి వచ్చినచో అది సొమ్మసిల్లుట కావచ్చును. శరీరము బిగిసి, కాలుసేతులు కొట్టుకొని, నాలుక ప్రక్క కఱచుకొని, లేచిన పిదప కొంతసేపు తికమకపడినచో అపస్మారమును శంకింపవలెను.

చుట్టుప్రక్కలవారు తాళపుచెవుల గుత్తిని చేతికిత్తురు. ఇచ్చినను ఈయకున్నను మూర్ఛ సాధారణముగా రెండు మూడు నిమిషములలో తనంతట ఆగును. కీర్తి మాత్రము తాళపుచెవులకు దక్కును! పండ్ల నడుమ చెంచా దూర్చుట మఱింత కీడు, పండ్లు విఱుగును. రోగిని ప్రక్కకు ఒత్తిగిలజేసి, తల క్రింద మెత్తని గుడ్డ యుంచి, గడియారము చూడవలెను. 5 నిమిషములు దాటినచో ఆసుపత్రికి చేర్పవలెను.

1912 నుండి ఫీనోబార్బిటాల్ వాడుకలో నున్నది. పిమ్మట మఱెన్నో మందులు వచ్చినవి. సరిగా వాడినచో నూటికి 70 మందికి మూర్ఛలు నిలిచిపోగలవు. కాని మందు అకస్మాత్తుగా మానినచో ప్రాణాపాయము కలుగవచ్చును.

హిందూ వివాహ చట్టమునకు 1976లో జరిగిన సవరణము ఈ రోగులను వివాహమునకు అనర్హులను చేసినది. 1999లో ఆ మాటను తొలగించిరి. చట్టము మాఱినంతగా ఇండ్లు మాఱలేదు. క్రొత్త కోడలు అత్తవారింట మాత్రలు కనబడునేమోయని మ్రింగుట మానును. నిద్రలేని ఆ పెండ్లి దినములలోనే మూర్ఛ తిరిగి వచ్చును.