గీతలు నిండుగా ఉన్నా యాప్ ఎందుకు తెరుచుకోదు?

కొట్లో సరుకులు తీసుకుని, క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తాం. ఫోన్ పైన సిగ్నల్ గీతలు నాలుగూ ఉంటాయి, పక్కన 4జీ అనీ ఉంటుంది. యాప్‌లో చక్రం మాత్రం తిరుగుతూనే ఉంటుంది. సిగ్నల్ ఉండగా ఏమిటీ తిప్పలు?

ఆ గీతలు చెప్పేది ఒక్కటే: టవర్ తరంగాలు మన ఫోన్‌కు ఎంత గట్టిగా అందుతున్నాయో. అదే టవర్‌ను ఎంతమంది పంచుకుంటున్నారో వాటికి తెలియదు. బస్సు వచ్చింది సరే, అందులో సీటుందా అన్నది వేరే సంగతి. మేడారం జాతరకు కంపెనీలు తాత్కాలిక టవర్లు తెచ్చి నిలబెట్టేది ఇందుకే.

మరి యాప్ నెట్‌వర్క్‌ను ఎలా అందుకుంటుంది? నిజానికి యాప్‌కు టవర్ సంగతే పట్టదు. 'ఫలానా సర్వర్‌తో కలుపు' అని ఆండ్రాయిడ్‌నో ఐఫోన్ సిస్టమ్‌నో అడుగుతుందంతే. వైఫైలో పంపాలా, సిమ్ డేటాలో పంపాలా అన్నది ఫోనే చూసుకుంటుంది. కెమెరాకూ మైకుకూ మన అనుమతి అడిగే ఆండ్రాయిడ్, ఇంటర్నెట్ అనుమతిని మాత్రం యాప్ ఇన్‌స్టాల్ అయినప్పుడే అడగకుండా ఇచ్చేస్తుంది. ఇది నాకంత నచ్చే పద్ధతి కాదు.

యాప్ అడిగేసరికే ఫోన్ కొంత పని ముగించి ఉంటుంది. సిమ్‌లో ఒక రహస్య సంఖ్య ఉంటుంది. దాని నకలు కంపెనీ దగ్గరా ఉంటుంది. ఫోన్ ఆన్ కాగానే నెట్‌వర్క్ ఏదో ఒక సంఖ్య పంపుతుంది. సిమ్ దాన్ని తన రహస్యంతో కలిపి లెక్క కట్టి జవాబిస్తుంది. కంపెనీ కూడా అదే లెక్క కట్టి, రెండూ సరిపోతే లోపలికి రానిస్తుంది. రహస్య సంఖ్య మాత్రం ఎప్పుడూ గాల్లోకి వెళ్లదు.

డేటాకు ఇంకో ద్వారం ఉంది. సెట్టింగ్స్‌లో ఏపీఎన్ అని కనిపించేది అదే. జియోకు 'జియోనెట్', ఎయిర్‌టెల్‌కు 'ఎయిర్‌టెల్‌జీపీఆర్‌ఎస్.కామ్'. పాత డేటా పద్ధతి జీపీఆర్‌ఎస్ కాలం ఎప్పుడో పోయినా పేరు అలాగే వేలాడుతోంది. ఈ పేరు తప్పుగా ఉంటే కాల్స్ వెళ్తూనే ఉంటాయి, నెట్ రాదు. ద్వారం దాటాక ఫోన్‌కు ఒక ఐపీ చిరునామా దొరుకుతుంది. పాత పద్ధతి ఐపీవీ4లో ప్రపంచం మొత్తానికి ఉన్నవి సుమారు 429 కోట్లే. అందుకే ఒకే చిరునామా వెనక ఎంతోమందిని కూర్చోబెడతారు, లేదా కొత్త ఐపీవీ6 చిరునామా ఇస్తారు.

ఇప్పుడు యాప్ వంతు. ముందు సర్వర్ పేరుకు చిరునామా ఏదో కనుక్కోవాలి. తర్వాత సర్వర్‌ను పలకరించాలి. ఆపైన అది అసలుదేనా అని దాని సర్టిఫికెట్ చూడాలి. ఫోన్‌లో తేదీ తప్పుగా ఉంటే, ఆ సర్టిఫికెట్ చెల్లదనుకుని చాలా యాప్‌లు ఇక్కడే మొరాయిస్తాయి. వీటన్నిటికీ కబురు అటూ ఇటూ తిరగాలి. టవర్ దగ్గర రద్దీ ఉంటే ప్రతి మలుపులోనూ ఆలస్యమే. మనకు కనిపించే చక్రం ఆ నిరీక్షణే.

మూసి ఉన్న యాప్‌కు మెసేజ్ ఎలా వస్తుందని కూడా అడుగుతుంటారు. యాప్‌లన్నీ తలా ఒక కనెక్షన్ తెరిచి పెట్టుకుంటే బ్యాటరీ నిలవదు. అందుకని ఆండ్రాయిడ్‌లో ఎక్కువ యాప్‌లకు గూగుల్ నడిపే ఒకే కనెక్షన్, ఐఫోన్‌లో యాపిల్ నడిపేది ఉంటాయి. పని లేనప్పుడు ఫోన్ రేడియో కొన్ని సెకన్లలోనే కునుకు తీస్తుంది. కబురు వచ్చినప్పుడు నెట్‌వర్క్ దాన్ని పిలిచి లేపుతుంది.

ఫ్లైట్ మోడ్ పెట్టి తీస్తే నెట్ వస్తుందనేది ఉత్త నమ్మకం కాదు. అలా చేస్తే ఫోన్ నెట్‌వర్క్‌లో మళ్లీ నమోదవుతుంది, ఎక్కడో చిక్కుకున్న పాత డేటా కనెక్షన్ పోయి కొత్తది వస్తుంది. అయితే ఆగింది ఒక్క యాపే అయితే దీనివల్ల లాభం తక్కువ. లోపం దాని సర్వర్‌లో ఉండొచ్చు, లేదా సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కు మొబైల్ డేటా ఆపేసి ఉండొచ్చు. అన్ని యాప్‌లూ నత్తనడక నడుస్తుంటే ఆ రోజు కోటా అయిపోయిందేమో అనుమానించాలి. కోటా తీరాక చాలా ప్లాన్లలో వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. ఫోన్‌ను తిట్టుకునే ముందు ఎంత డేటా మిగిలిందో ఒకసారి చూసుకోండి.