నోహ్ నాటకపు కొయ్యమొగము

14వ శతాబ్దమున కన్నామియు, అతని కుమారుడు జెయామియు తీర్చిదిద్దిన జపాను నోహ్ నాటకమున ప్రధాన నటుడు పలు పాత్రలకు కొయ్యమొగము ధరించును. హినోకి మ్రానిని చెక్కి, ఆలిచిప్పల పొడిని జిగురుతో కలిపి పూసి, దానిపై రంగులు దిద్దుదురు.

కన్నెపిల్ల మొగమును చేతబట్టి చూచినచో అది నవ్వుచున్నదో, విలపించుచున్నదో తేలదు. శిల్పి తేల్చకయే విడిచినాడు. నటుడు దానిని రవంత పైకెత్తిన, వెలుగు సోకి చిరునవ్వు తోచును. దీనిని 'తెరసు', అనగా వెలిగించుట, యందురు. కొంచెము వంచిన, నీడలు పరచుకొని దుఃఖము క్రమ్మును. అది 'కుమొరసు', మబ్బు క్రమ్మించుట. కొయ్య కొయ్యగనే యుండును. మారినది దానిపై వెలుగు మాత్రమే.

ఇందులకు నటుడు తన చూపునే వెలగా నిచ్చుచున్నాడు. కన్నుల చోట నుండునవి చిన్న రంధ్రములు. తన పాదములు తనకే కానరావు. రంగస్థలపు మూలనున్న యొక స్తంభమే గురుతు. దానికి 'చూపు నిలుపు స్తంభ'మనియే పేరు. మొగము చిన్నదగుటచే నటుని గడ్డము వెలికి కనబడుచుండును. ముడుతల గడ్డముపై కన్నెమొగము! క్రొత్తవారికి మొదట నవ్వు రావచ్చును. నోహ్ నటులు దానిని దాచ యత్నింపరు.

ప్రవేశమునకు ముందు నటుడు 'అద్దపు గది'లో కూర్చుండి, మొగమునకు నమస్కరించి ధరించును. ఆ సన్నని రంధ్రములనుండియే అద్దములోని రూపమును కొంత తడవు చూచును. పిమ్మట తెర లేచును.