ప్రహ్లాదుడు మొండివాడా?

పిల్లలూ! మీలో చాలామంది “భక్త ప్రహ్లాద” సినిమా చూసే ఉంటారు. ఆ చిత్రం 1967వ సంవత్సరం జనవరి 12వ తేదీన, సరిగ్గా సంక్రాంతి పండుగ ముందు విడుదలయింది. ఆ రోజుల్లో ఇంటిల్లిపాదీ కలిసి వెళ్ళి చూసిన సినిమా అది. ఇప్పుడు మీరు ఇంట్లో కూచునే చూడగలుగుతున్నారు.

మొన్న సెలవుల్లో మా ఇంట్లో పిల్లలంతా చేరి ఆ సినిమా చూశారు. అయిపోయిన తరువాత మా మనమడు నా దగ్గరికి వచ్చి, “తాతా, నాయన మాట వినాలని నువ్వే చెపుతావు కదా! మరి ప్రహ్లాదుడు వినలేదే. వాణ్ణి మంచి పిల్లవాడని ఎందుకంటారు?” అని అడిగాడు.

ఎన్నో ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పిన నాకు కూడా వెంటనే జవాబు తోచలేదు. ఆలోచించి చెపుతానన్నాను. ఆలోచించగా నాకు తోచినది మీకూ చెపుతాను.

మన తెలుగువారికి ప్రహ్లాదుడి కథ అంటే ఎంత ఇష్టమో చూడండి. తెలుగులో మొట్టమొదటి మాటల సినిమా కూడా “భక్త ప్రహ్లాద”యే. హెచ్. ఎం. రెడ్డిగారు తీసిన ఆ చిత్రం 1932లో ప్రదర్శనకు వచ్చింది. 1967 నాటి రంగుల చిత్రాన్ని ఎ. వి. ఎం. వారు తీశారు. అందులో హిరణ్యకశిపుడు ఎస్. వి. రంగారావుగారు, తల్లి లీలావతి అంజలీదేవిగారు. ప్రహ్లాదుడి వేషం వేసింది మగపిల్లవాడు కాదు, రోజారమణి అనే చిన్న పాప. ఆ పాపకు అదే మొదటి సినిమా!

అంతటి రంగారావుగారు గద తిప్పుతూ గర్జిస్తూ ఉంటే, ఎదురుగా ఈ చిన్న పాప చేతులు జోడించి నిలబడి ఉంటుంది. ఆ చేతులను గమనించారా? మా మనమడి ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉన్నది.

మిగిలిన సగం కోసం పోతనగారి భాగవతం తీసి, ఏడవ స్కంధం చదవాలి. హిరణ్యకశిపుడు కొడుకును శుక్రాచార్యుడి కుమారులైన చండామార్కుల దగ్గర చదువుకు పెట్టాడు. ప్రహ్లాదుడు వారు చెప్పిన పాఠాలు ఎగ్గొట్టాడా? లేదు. అన్నీ నేర్చుకున్నాడు, అడిగితే అప్పజెప్పాడు కూడా. అయితే వీడు నావాడు, వాడు పరాయివాడు అని మనుషులను విడదీసే చదువు మాత్రం అతడి మనసుకు నచ్చలేదు. కాబట్టి ఇంటి లెక్కలు చెయ్యకుండా, “నేనూ ప్రహ్లాదుణ్ణే!” అందామనుకునే పిల్లలకు ఈ కథ ఏమీ సాయం చెయ్యదు!

ఒకనాడు తండ్రి కొడుకును తొడమీద కూచోబెట్టుకుని, “నువ్వు చదివినవాటిలో నీకు మంచిదనిపించింది చెప్పు నాయనా,” అని ముద్దుగా అడిగాడు. పిల్లవాడు నిజం చెప్పాడు. తండ్రికి కావలసింది ఆ జవాబు కాదు. “ఎవరో శత్రువులు నా బిడ్డ మనసు విరిచేశారు,” అనుకున్నాడు. గురువులు, “ఈ బుద్ధి నీకెవరు నేర్పారు?” అని గద్దించారు. పాములు, ఏనుగులు, విషం, నిప్పు అన్నీ అయినాయి. ఇన్ని చేసినా, ఆ పిల్లవాడు తండ్రిని ఒక్క పరుష వాక్యం అనలేదు.

కథ చివర మరొక సంగతి ఉన్నది. దాన్ని చాలామంది మరిచిపోతారు. నరసింహస్వామి వరం కోరుకోమంటే, ప్రహ్లాదుడు తనకోసం సంపదలు అడగలేదు. “నా తండ్రి చేసిన పాపం పోయేటట్టు అనుగ్రహించు,” అని అడిగాడు. తనను చంపబోయిన తండ్రికోసం! తండ్రి అంటే లెక్కలేనివాడు అలా అడుగుతాడా? ఒక్క విషయంలో కాదన్నాడే గాని, ప్రహ్లాదుడు తండ్రిని ఎన్నడూ వదులుకోలేదు. మొండితనం వేరు, నిలకడ వేరు. మొండివాడికి తన పంతం నెగ్గితే చాలు. నిలకడ గలవాడు ఎదుటివాడి మేలు కూడా చూస్తాడు.

ఇంత చెపుతున్న నేను కూడా ఒకప్పుడు చండామార్కుల పని చేసినవాణ్ణే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను గుడిబండ వైపు ఒక పల్లె బడికి వేశారు. మా తరగతిలో ఒక కుర్రవాడు ఉండేవాడు. ఏ ప్రశ్న వేసినా తల వంచుకుని నిలబడేవాడు గాని నోరు విప్పేవాడు కాదు. “ఒట్టి మొండి!” అనుకుని, మూడు నెలలపాటు ఎన్నోసార్లు వాణ్ణి బయట నిలబెట్టాను.

ఒకనాడు మధ్యాహ్నం నేను బడికి ఆలస్యంగా వచ్చాను. చింతచెట్టు కింద పిల్లలంతా గుంపుగా కూచుని ఉన్నారు. మధ్యలో ఆ కుర్రవాడు నేలమీద పుల్లతో గీస్తూ, ముందురోజు నేను చెప్పిన భాగహారం వారికి విడమరిచి చెపుతున్నాడు. చెపుతున్నది కన్నడంలో! ఆ ప్రాంతం కర్ణాటక సరిహద్దు కదా, వాడి ఇంట్లో మాట్లాడేది కన్నడమే. నాకు ఆ భాష రాకపోయినా అంకెలు తెలిశాయి. మనం ఏడు అంటే వారు ఏళు అంటారు, మనం ఎనిమిది అంటే వారు ఎంటు అంటారు. లెక్కలో ఒక్క తప్పు కూడా లేదు.

భాగవతంలో కూడా ఇంతే. గురువులు ఇంటి పనిమీద వెళ్ళినప్పుడు, ప్రహ్లాదుడు తోటి పిల్లలను చుట్టూ కూచోబెట్టుకుని తనకు తెలిసినది వారికి చెప్పాడు. వాడి గొప్పతనం ముందుగా తెలిసింది తోటి పిల్లలకే. గురువులకు తెలియలేదు.

ఆ సాయంత్రం నేను ఆ కుర్రవాణ్ణి పిలిచి, “నాకు కన్నడం నేర్పుతావా?” అని అడిగాను. వాడు తల ఎత్తి నవ్వాడు. మూడు నెలల్లో వాడి నవ్వు చూడటం నాకు అదే మొదటిసారి. అయితే వాడు ఎండలో నిలబడిన రోజులు మాత్రం నేను తిరిగి ఇవ్వలేకపోయాను.

కనుక తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. పిల్లవాడు ఎదురు చెప్పినా, అసలే మాట్లాడకపోయినా, “మొండి” అని పేరు పెట్టేముందు, ఎందుకని ఒక్కసారి అడగండి. అడిగిన తరువాత జవాబు పూర్తిగా వినండి. హిరణ్యకశిపుడు అడిగాడే గాని వినలేదు.

పిల్లలూ, మీకు కూడా ఒక మాట. పెద్దలు చెప్పినది తప్పని తోస్తే చెప్పవచ్చు. కాని ఆ సినిమాలోని పాప చేతులు గుర్తుపెట్టుకుని చెప్పండి.

కదిరి మన శ్రీ సత్యసాయి జిల్లాలోనే ఉన్నది. అక్కడి నరసింహస్వామి గుడికి ఈసారి వెళ్ళినప్పుడు గర్భగుడిలోకి బాగా చూడండి. స్వామి పక్కనే ప్రహ్లాదుడు నిలబడి ఉంటాడు. మా మనమణ్ణి కూడా తీసుకుపోయి చూపించాలనుకుంటున్నాను. వాడు అక్కడ మళ్ళీ ఏం ప్రశ్న వేస్తాడో చూడాలి!